ఎర్ర గునుగు

సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినపడగానే దీపం పెడదాం అంది లావణ్య. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి హన్మంతుకు కూర్చున్న చోట కుదురు లేదు. పికప్పు తలుపు తెరిచి, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టుకుని, ఒళ్లో రొట్టె, బెల్లం కలిపిన మలీద పళ్లెంతో డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. పూలు తెచ్చినవాడని ఆ పళ్లెం అందరికంటే ముందు అతనికే ఇచ్చారు, పేర్చేవాళ్లు నోట్లో పెట్టుకోకముందే. గేటు బార్లా తీసి ఉంది. లోపల లావణ్య వాళ్ల విల్లా వాకిట్లో నాలుగిళ్ల ఆడవాళ్లు ప్లాస్టిక్ చాపల మీద కూర్చుని బతుకమ్మలు పేరుస్తున్నారు. పట్టుచీరలు, మూతులకు మాస్కులు, చేతులకు పసుపు. అన్నిటికంటే ఎత్తుగా లేస్తున్నది లావణ్య బతుకమ్మ. ఒక వరస బంతి, ఒక వరస ఎర్ర గునుగు, మళ్లీ బంతి, మళ్లీ గునుగు. ఆ ఎర్ర వరసలను చూడకూడదని హన్మంతు స్టీరింగు వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు, ఎదురింటి గోడ మీది ఏసీ డబ్బాల వంక చూశాడు, ఎటు చూసినా కళ్లు తిరిగొచ్చి అక్కడే వాలుతున్నాయి. గునుగు తెల్లగా పూస్తుంది. పొద్దున అతను కోసినప్పుడు తెల్లగానే ఉంది. ఆ ఎరుపు రంగు కాదు, డీజిలు. అతను పనిచేసే తోటలో నీళ్ల పంపుల కోసమని ముదీర్, అంటే మేనేజరు, ఎర్ర రంగు కలిపించి పెట్టిన డీజిలు, బండ్లలో పోయకూడని డీజిలు, హన్మంతు దొంగచాటుగా డబ్బాలో పట్టుకొచ్చిన డీజిలు. ఇంకాసేపట్లో ఆ పూల మీదే దీపం పెడతారు. పెట్టే చెయ్యి లావణ్యది.

డీజిలు పెట్రోలు కాదులే, భగ్గుమనదులే, అని తనకు తానే చెప్పుకున్నాడు. ఇన్నేళ్లుగా బండి నడిపేవాడికి ఆ మాత్రం తెలియదా, వెలిగించిన అగ్గిపుల్లను డీజిల్లో వేస్తే చుయ్యిమని ఆరిపోవడం కళ్లారా చూశాడు. కానీ చూసింది అదొక్కటేనా? చలికాలం తోటలో చాయ్ పెట్టుకునేటప్పుడు గోనెసంచి పీలిక ఒకటి డీజిల్లో ముంచి కట్టెల కింద దోపితే ఏమవుతుందో కూడా చూశాడు గదా. ఒకసారి అంటుకున్నదంటే పీలిక ఆరమన్నా ఆరదు, నీళ్లు చల్లినా చిటపటమంటూ ఇంకోవైపు నుంచి లేస్తుంది. మరి గునుగు పువ్వేమిటి? మెత్తగా, పొడుగ్గా, దూది కంకిలా ఉండి ఎంత పోస్తే అంత తాగే పువ్వు, అందుకే గదా రంగు అంత ముద్దుగా పట్టింది. వత్తి కాక మరేమిటది. ఒక వత్తి కాదు, వందల వత్తులు వరసలు కట్టి నిలబెడుతున్నారు లోపల. నడుమ ఉన్న బంతి పచ్చిది, తడిది, అది మంటను ఆపుతుందేమో. ఆపకపోతే? లావణ్య కొంగు మాటిమాటికి ముందుకు జారుతోంది, ఎడం మోచేత్తో ఆమె దాన్ని మాటిమాటికి వెనక్కి నెడుతోంది. లేచి పోయి రెండు మాటలు చెబితే అయిపోతుంది. దీపం పెట్టకండి, అది డీజిలు. అంతే. ఆ రెండు మాటలకూ నోరు పెగలడం లేదు. దొంగకు తేలు కుట్టినట్టు అని ఊరికే అన్నారా పెద్దలు, కుట్టిన చోట మంట లేస్తుంటే పెదవి బిగబట్టుకుని కూర్చోవడం ఎట్లా ఉంటుందో హన్మంతుకు ఇవాళ తెలిసివచ్చింది.

వచ్చేటప్పుడే తెలిసి ఉంటే దారిలో ఎక్కడన్నా ఆ సంచి పారేసేవాడు. తోట గేటు దగ్గర కాపలావాడి కంట పడకుండా డీజిలు డబ్బాను అడుగున పెట్టి, మీద గునుగు సంచి, దాని మీద బంతి సంచులు వేశాడు. తిరుగు ప్రయాణానికి కావాలిగా. దారిలో వచ్చే ముసఫ్ఫా పారిశ్రామికవాడలో, వర్క్‌షాపుల సందుల్లో ఆ స్పీడు బ్రేకర్లు ఎవడు కనిపెట్టాడో గానీ, ఒకదాని మీద బండి ఎగిరిపడ్డప్పుడు వెనక ఏదో గడగడమన్నది, కొబ్బరికాయలు దొర్లాయనుకున్నాడు. ఇక్కడికొచ్చి వెనక తలుపు దించేసరికి డబ్బా మూత వదులై ఒరిగి ఉంది, గునుగు సంచి అడుగంతా ఎర్రగా నానిపోయింది. దాన్ని అక్కడే వెనక్కి తోసేద్దామని చెయ్యి వేశాడో లేదో, లావణ్య పరుగులాంటి నడకతో వచ్చి సంచి మూతి విప్పింది. "అన్నా, గునుగుకు రంగద్ది తెచ్చినవా! ఎన్నేండ్లాయె చూడక! మా అమ్మ గిట్లనే కొసలు ముంచి నీడకు ఆరబెడుతుండె," అంటూ మాస్కు కిందికి లాగి పిడికెడు పూలలో ముఖం పెట్టింది. ఆమె ముఖం పైకెత్తి నవ్వింది. "కరోనా వచ్చిపోయినంక నాకు ఏ వాసనా తెలుస్తలేదన్నా, మల్లెపూలు గూడ గడ్డిలెక్కనే ఉంటున్నయి. అయినా అలవాటు పోదు." అక్కడ చెప్పాల్సింది. అది చెప్పే చోటు. అక్కడ అతను తలూపాడు. అవునమ్మా, రంగే, అన్నట్టు తలూపాడు. ఒక్కసారి, చిన్నగా, మెడ నొప్పిగా ఉన్నవాడు కదిలించినట్టు. ఆ ఊపు ఇప్పుడు వాకిట్లో వరసలు వరసలుగా లేస్తోంది.

పక్క విల్లా రామ్మోహనరావు గారి భార్య బాలత్రిపురసుందరమ్మ ఒక్కతే ముక్కు ఎగబీల్చింది. ఆమెది కాకినాడ, బతుకమ్మ ఆడటం ఇక్కడికొచ్చాకే నేర్చుకుంది, నేర్చుకున్నదేదైనా పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా చేస్తుంది. "ఏదో పెట్రోలు వాసన కొడతందండీ, మీకెవరికీ రావట్లేదా?" అంది రెండు మాస్కుల లోపలి నుంచి. అందరూ అతని వంక చూశారు. "బండి వాసనమ్మా, పొద్దటి సంది తిరిగింది," అన్నాడు హన్మంతు. మాట ఎంత నున్నగా వచ్చిందో. ఆమె సరేనంది, లేచిపోయి అగరుబత్తీలు ఒక కట్ట వెలిగించి గోడ వారగా గుచ్చింది. ఆ అగరుబత్తి నుసి రాలినప్పుడల్లా హన్మంతు కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకుంటే పిల్లికి పాలు దొరుకుతాయేమో గానీ మనిషికి ఏం దొరుకుతుంది.

చెబితే ఏమవుతుంది? ఉద్యోగం పోతుంది. ఇక్కడి నలుగురిలో ఎవరో ఒకరు భర్తతో అంటారు, ఆ భర్త ఆఫీసులో ఇంకెవరితోనో అంటాడు, ముదీర్ చెవిన పడటం ఎంత సేపు, ఆయన ఖలాస్ అంటాడు, ఆ ఒక్క మాటతో వీసా, గది, బండి తాళం అన్నీ చేతిలోంచి జారిపోతాయి. అదే కారణమని తనను తాను నమ్మించుకోవాలని చూశాడు. ఉద్యోగం పోతుందనే భయానికి లోకంలో మర్యాద ఉంది, అందరూ అర్థం చేసుకుంటారు. కానీ లోపల కూర్చున్నది అది కాదు. తోటలో అతను సవ్వాగ్, అంటే డ్రైవరు. బంకు దగ్గర యా హిందీ, ఓయ్ ఇండియావాడా. క్యాంపులో ఫలానా మంచం నంబరు మనిషి. ఈ ఊరు ఊరంతటిలో, ఈ ఒక్క గేటు దగ్గర, ఏడాదిలో ఈ ఒక్క సాయంత్రం, అతను అన్న. లావణ్య ఇంజనీరు భార్య, ఇంట్లో పనిమనిషి ఉంది, కారుంది, అయినా అతను బండి దిగగానే, "అన్న వచ్చిండు," అని లోపలికి కేకేస్తుంది. ఆమె భర్త రత్నాకర్ కుర్చీ తెచ్చి వేస్తాడు, తను నిలబడి మాట్లాడతాడు. అన్న అనే ఆ పిలుపు పోతుందని నోరు మెదపడం లేదు. ఒక ఆడబిడ్డ చెయ్యి కాలినా సరే, ఆమె నోట అన్న అని మాత్రం అనిపించుకోవాలని ఉందా నీకు? ఛీ, అనుకున్నాడు. పైకే అన్నాడేమో, గేటు దాటి వెళుతున్న బంగాలీ ఒకడు తిరిగి చూశాడు.

మొదటిసారి డీజిలు తీసినప్పుడు తప్పనిపించలేదు. అదే వచ్చిన చిక్కు, మొదటిసారి అది నిజంగానే తప్పు కాదు. కరోనా ఊపులో ఉన్న రోజులు, గదిలో మెట్‌పల్లి ఖాజాకు జ్వరం ముదిరి ఎగశ్వాస పట్టింది, అంబులెన్సుకు ఫోను చేస్తే వస్తున్నాం వస్తున్నాం అన్నారు, బండిలో చూస్తే ముల్లు అట్టడుగున ఉంది, బంకు ఎక్కడో అల్ ఐన్ రోడ్డు మీద. పంపు గదిలో ఎర్ర డీజిలు పీపాలు నిండుగా ఉన్నాయి. పైపు పెట్టి నోటితో గుంజి డబ్బా నింపాడు, బండిలో పోశాడు, ఖాజాను వెనక సీట్లో పడేసుకుని ఆసుపత్రికి తోలాడు. ఖాజా బతికాడు. దేవుడు మెచ్చిన దొంగతనం అన్నాడు ఖాజా, నోట్లో ఇంకా ఆ డీజిలు చేదు ఉండగానే హన్మంతు కూడా నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. రెండోసారి ముసఫ్ఫాలో తెలిసినవాడికి సామాను దించి రావడానికి. మూడోసారి సినిమాకు. ఆ తర్వాత లెక్క లేదు. కంపెనీ కార్డు మీద బంకులో పోయించిన డీజిలు తోట పనికి సరిపోను మాత్రమే వస్తుంది, ఎక్కువ తిరిగితే ముదీర్ ఎందుకని అడుగుతాడు, ఎర్రది అయితే అడిగేవాడు లేడు. ఒక్క భయం మాత్రం ఉంది, ముదీర్ అప్పుడప్పుడు బండి ట్యాంకులోకి తెల్లగుడ్డ చుట్టిన చువ్వ దించి పైకి తీస్తాడు, గుడ్డ గులాబీ రంగులో వస్తే ఆ డ్రైవరు పని అయిపోయినట్టే. అందుకని హన్మంతు ఎర్రదాన్ని పోను రాను సరిపడా మాత్రమే పోసి, చివరి చుక్కల మీద తోటకు చేరి, తెల్లారి బంకుకు పోయి మంచిది పోయించేవాడు. ఈ తెలివి ఏ మంచి పనికి పెట్టినా ఇవాళ ఫోర్‌మన్ అయ్యేవాడు.

అజ్మల్ సంగతి తలుచుకోకూడదనుకున్నాడు. అనుకోగానే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పంపులు చూసేది అజ్మల్, ముల్తాన్ వైపు వాడు, పెద్ద వయసు, మాట తక్కువ. ఒకనాడు హన్మంతు చొక్కా చేతి అంచు ఎర్రగా ఉండటం చూసి, "యే లాల్ క్యా హై భాయ్?" అన్నాడు. హన్మంతు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "హమారే త్యోహార్ కా రంగ్ హై. ఫూల్ రంగ్‌తే హైఁ హమ్ లోగ్," అన్నాడు. మా పండుగ రంగు ఇది, మేం పూలకు రంగులు అద్దుతాం. ఊళ్లో భార్య మంజుల గునుగు కొసలను రంగు గిన్నెలో ముంచడం కళ్ల ముందు కదిలింది, ఆ కదిలినదాన్ని తీసి అబద్ధానికి అడ్డం పెట్టుకున్నాడు. అజ్మల్ సంబరపడి, అట్లాగా, పూలకు కూడానా అన్నాడు. ఆ తర్వాత నెలలో పంపుల డీజిలు తక్కువొచ్చి రెండు కీరా మళ్లు ఎండిపోయాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాడిలా హన్మంతు ఆ రోజంతా తన చొక్కా అంచులు చూసుకుంటూనే ఉన్నాడు, ముదీర్ మాత్రం అజ్మల్‌నే ఎండలో నిలబెట్టి అడిగాడు. ముసలాయన ఎన్నిసార్లు అడిగినా నాకు తెలియదనే అన్నాడు. పంపు గది తాళం ఆయన చేతిలోంచి తీసుకుని, మేకల కొట్టంలో ఎరువెత్తే పనిలో పెట్టారు. అదంతా హన్మంతు పికప్పు అద్దంలో చూశాడు. ఎదురుగా నిలబడి కూడా కాదు, అద్దంలో. ఇవాళ పొద్దున గునుగు కోస్తుంటే అదే అజ్మల్ కొట్టంలోంచి వచ్చి, చేతులు కడుక్కుని, నీ దేవి పూలు కదా, మురికి చేతులతో ముట్టనులే అంటూ పక్కన కూర్చుని సగం సంచి కోసి పెట్టాడు. ఆ చేతులు కడుక్కోవడం గుర్తొచ్చి, నోటిదాకా తెచ్చిన మలీదను తిరిగి పళ్లెంలో పెట్టాడు. అజ్మల్ దగ్గర ఆడిన అబద్ధం అబద్ధంగానే ఉంటే బాగుండేది. ఆ ఎర్ర డీజిలే పూలకు రంగై, అబద్ధం నిజమైంది.

గునుగు విత్తనం మంజుల పంపింది. దుబాయ్ నేలలో గునుగు మొలుస్తదా అంటే, గుట్ట మీద రాళ్లలో మొలిచేదానికి ఇసుకొక లెక్కనా అంది. జగిత్యాల దగ్గర వాళ్ల ఊళ్లో ఎవరి బతుకమ్మ వంకరైనా మంజులను పిలుస్తారు. ఆమె పేర్చేటప్పుడు మాట్లాడదు, ఒక్క చేతితో తాంబాళం తిప్పుతూ రెండో చేత్తో పెడుతూ పోతుంటే పూలే వచ్చి కూర్చుంటున్నట్టు ఉంటుంది. పెళ్లయిన కొత్తలో అత్తింట్లో మొదటి బతుకమ్మ పేరుస్తున్నప్పుడు అతను ఊరికే పక్కన కూర్చుని ఒక పువ్వు అందించబోతే, మగోళ్లు తెచ్చుటిదాంకనే, పేర్చుడు మా పని అని చెయ్యి మీద చిన్నగా కొట్టింది. తెచ్చేదాకానే. ఆ ఒక్క పనీ సరిగ్గా చేయలేకపోయాను గదా మంజులా. ఇప్పుడక్కడ చీకటి పడి ఉంటుంది, వాడంతా దీపాలతో బతుకమ్మలు బయలుదేరి ఉంటాయి, ఆమె బతుకమ్మ మీద దీపం ఎప్పుడూ గాలికి ఆరదు, పూల మధ్య చిన్న గుంట చేసి అందులో పెడుతుంది. లావణ్య కూడా పైన గుంట చేస్తోంది. పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను నిలిపింది, పక్కన మట్టి ప్రమిద పెట్టింది, నూనె పోసింది, వత్తిని నూనెలో ముంచి వేలితో కొస నులిమింది. ఎక్కడో మసీదు మైకు గొంతు సవరించుకున్న చప్పుడైంది.

పళ్లెం సీటు మీద పెట్టి హన్మంతు దిగాడు. కాళ్లు తీసుకుపోతుంటే పోయాడు. అజాన్ మొదలైంది, లావణ్య తల మీద కొంగు కప్పుకుని అగ్గిపెట్టె అందుకుంది. చెప్పు, చెప్పు, చెప్పు అని లోపల దబదబమంటోంది. "మేడం," అన్నాడు. ఆమె అగ్గిపుల్ల గీయబోతూ ఆగింది. అందరూ తలలెత్తారు, ఆ కళ్లన్నిటిలో ఎంత నమ్మకం ఉందో, మాస్కుల పైన కళ్లు తప్ప ఇంకేమీ కనపడని ఆ ముఖాల్లో ఉన్నదంతా నమ్మకమే. అప్పుడు అతని నోట్లోంచి వచ్చింది నిజం కాదు. "రంగు గునుగు పేర్చిన బతుకమ్మ మీద దీపం పెట్టరు మేడం. మా ఊర్ల పెట్టరు. పక్కకు పళ్లెంల పెడుతరు, దూరంగ. రంగు తాగిన పువ్వుకు సెగ తగలనియ్యద్దంటరు." ఎక్కడి నుంచి వచ్చింది ఈ మాట? ఏ ముసలమ్మ చెప్పింది? ఎవరూ చెప్పలేదు. నోరు తనంతట తానే అల్లేసింది, అల్లడం దానికి బాగా అలవాటైంది.

లావణ్య ప్రమిద చటుక్కున కిందికి దించింది. "అయ్యో, నాకు తెల్వనే తెల్వదు! మంచిగ చెప్పినవన్నా." దీపం పళ్లెంలో పెట్టి గోడ దగ్గరికి పంపింది. ఆమె చెయ్యి బతికిపోయింది, ఆ ఒక్క నిమిషం హన్మంతుకు హాయిగా అనిపించింది. కానీ ఆ హాయి నిలవలేదు. "ఎంత సున్నితవైన ఆచారవండీ!" అంది బాలత్రిపురసుందరమ్మ, చేతులు జోడించినంత పనిచేసి. "పువ్వుకి సెగ తగలనివ్వరంట! చూసేరా, ఇయ్యన్నీ మనకి ఎవరు చెప్తారు? వచ్చే ఏడు కూడా ఇలాగే చేద్దావండీ." నిజామాబాద్ వైపు ఒకామె మేం ఎన్నడూ వినలేదే అని సణిగితే, ఊరికో తీరు ఉంటదక్కా అని లావణ్య సర్దిచెప్పింది. "ఆగుండ్రి, వదినెనే అడుగుదాం. అన్న వాళ్లింటామె పేర్చుట్ల పెద్ద ఉస్తాద్. పోయినేడు ఫోన్ల చూపించలేదా?" వద్దనేలోపే అతని చేతిలోని ఫోను ఆమె చేతికి పోయింది, వీడియో కలిసింది, అటువైపు చీకట్లో దీపాల గుంపు కదిలింది, ఆ గుంపులోంచి మంజుల ముఖం దగ్గరికొచ్చింది. లావణ్య పూలు చూపించింది, ఎర్ర వరసలు చూపించింది, అన్న ఎంత బాగా రంగద్దాడో చెప్పింది, ఆ తర్వాత అడిగింది. "రంగు గునుగుంటే దీపం మీద పెట్టరట గదా వదినె, మీ దిక్కు?"

ఫోనులో మంజుల కళ్లు లావణ్యను దాటి, వెనక నిలబడ్డ హన్మంతు మీదికి వచ్చి ఆగాయి. అతను తల దించుకున్నాడు. దించుకున్నాక, దించుకోకుండా ఉండాల్సిందని తెలిసింది. "ఔను చెల్లె," అంది మంజుల గొంతు. "మా దిక్కు గట్లనే." వాకిట్లో ఆడవాళ్లంతా చూశారా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరో చప్పట్లతో పాట ఎత్తుకున్నారు. లావణ్య ఫోను అతని చేతిలో పెట్టి వలయంలోకి పోయింది.

"జెర పక్కకు రా," అంది మంజుల. గేటు బయటికి, పికప్పు వెనక్కి వచ్చాడు.

"ఏం జేసినవ్?"

"ఏం లే."

"గా ఊరూ లేదు, గా ఆచారమూ లేదు. మా అమ్మ చెప్పలే, మీ అమ్మ చెప్పలే. నీ మొఖం జూసి ఔనన్న. నలుగుట్ల నీ ఇజ్జత్ పోవద్దని అన్న. ఎందుకన్ననో నాకే తెల్వదు. ఏం జేసినవ్ జెప్పు."

చెప్పాడు. డీజిలు అన్నాడు. దొంగిలించినదన్నాడు, ఇదే మొదటిసారి కాదన్నాడు. అజ్మల్ పేరు కూడా చెప్పాడు, ఆమెకు అజ్మల్ ఎవరో తెలియకపోయినా. చెబుతున్నంతసేపూ బండి వెనక రేకు మీద ఎర్రటి తడిని బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు. ఆమె వెనకాల వాడ ఆడవాళ్ల పాట ఒక చరణం దాటి ఇంకో చరణంలోకి పోయింది. అంతా విని ఆమె అంది, "గౌరమ్మ ముంగట నిలవడి అబద్ధమాడిన. నా చేతుల బతుకమ్మ ఉంది ఇంక. ఇన్నేండ్లల్ల ఎన్నడన్న ఆడిన్నా?"

"మంజులా..."

"నాకు జెప్పుడు గాదు. ఆళ్లకు జెప్పు పో. ఇది నా మీద ఉంచకు."

ఫోను పెట్టేసింది. తెర మీద అతని ముఖమే కనిపించింది, కాసేపు చూసి జేబులో వేసుకున్నాడు.

లోపల వలయం తిరుగుతోంది. బతుకమ్మ చుట్టూ వంగుతూ లేస్తూ, చప్పట్లు కలుపుతూ, కుడికి ఒక అడుగు, మళ్లీ ఒక అడుగు. బాలత్రిపురసుందరమ్మ ఒక చప్పట వెనకబడి అందుకుంటోంది. పాట అయ్యేదాకా ఆగుదామని గేటు దగ్గర నిలబడ్డాడు. పాట అయితే ప్రసాదాలు పంచుతారు, ప్రసాదాలప్పుడు రత్నాకర్ వస్తాడు, కుర్చీ వేస్తాడు, ఇక చెప్పే పని ఉండదు. పాట అయ్యేదాకా ఆగడమంటే చెప్పకపోవడమేనని అతనికి తన సంగతి బాగా తెలుసు. ఆడవాళ్లు ఆడుతుంటే మగవాడు వలయంలోకి పోడు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పోలేదు. చెప్పులు విడిచాడు. ఇద్దరి మధ్య సందు దొరికిన చోట లోపలికి అడుగు వేశాడు. చప్పట్లు ఒకచోట ఆగి, పక్కన ఆగి, అటుచివర ఒక్క జత చేతులు ఇంకోసారి మోగి ఆగిపోయాయి.

"అది రంగు గాదు," అన్నాడు. గొంతు తనది కాదన్నట్టు గట్టిగా వచ్చింది. "తోటల పంపుల డీజిలు. నేను దొంగతనంగ తెచ్చిన. డబ్బా ఒరిగి పూలకంటింది. మీరు రంగంటే ఔనన్న. దీపం పెట్టద్దనుడు మా ఊరి ఆచారం గాదు, అంటుకుంటదని భయపడి కల్పించిన. మా ఇంటామెకు ఏం తెల్వదు, నన్ను చూసి ఔనన్నది. ఆమె తప్పు లేదు."

తిడతారనుకున్నాడు, తిడితే బాగుండేది. నిజామాబాద్ ఆమె మాస్కు దించి గాలి పీల్చి, మళ్లీ పెట్టుకుంది. బాలత్రిపురసుందరమ్మ గోడ దగ్గరికి పోయి దీపం పళ్లేన్ని ఇంకా అవతలికి, గేటు దాకా జరిపి వచ్చింది, అగరుబత్తీలను ఒక్కొక్కటే కుండీ మట్టిలో గుచ్చి ఆర్పింది. లావణ్య తన వేళ్లు చూసుకుంటోంది, పసుపూ ఎరుపూ కలిసిపోయిన వేళ్లు. ఆ తర్వాత ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు ట్యాపు దగ్గరికి నడిచారు, అతన్ని తగలకుండా పక్క నుంచి. నీళ్ల చప్పుడు, సబ్బు చేతులు మారిన చప్పుడు వినపడుతున్నాయి. ఖాళీ అయిన వాకిట్లో అతనూ బతుకమ్మా మిగిలారు. ఈ పూలు ఇట్లా ఉంచకూడదు, ఎర్రవి తీసి సంచిలో వేసి బండిలో పడేయాలి, ఆ పని తనదే, ఇంకెవరూ చేయకూడదు అనుకుని ముందు మోకరిల్లాడు. పైన గౌరమ్మ ఉంది. ముందు ఆమెను తీసి పక్కన పెట్టాలి. రెండు చేతులూ చాచాడు.

"ఆగు," అంది లావణ్య వెనక నుంచి. చేతుల నుంచి నీళ్లు కారుతుండగా వచ్చి అతనికీ బతుకమ్మకూ నడుమ వంగింది. "గౌరమ్మను నేను తీస్త. నువ్వు ముట్టకు."

చివర అన్నా అనే మాట లేదు. హన్మంతు చేతులు వెనక్కి తీసుకుని, ఆమె గౌరమ్మను ఎత్తి లోపలికి తీసుకుపోయేదాకా అట్లాగే మోకాళ్ల మీద ఉన్నాడు.